ముక్క మార్చారు సరే, మూకుడు మారిందా?

ప్రశ్న: మాది ఉప్పల్. నాకు 41 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. షుగర్, థైరాయిడ్ లేవు. కొవ్వు కరగాలంటే చికెన్‌లో బ్రెస్ట్ ఒక్కటే తినాలి, రోజుకు 200 గ్రాములు తినాలి, లెగ్ పీస్ ముట్టొద్దు అని జిమ్‌లో చెప్పారు. రెండు నెలలుగా అలాగే చేస్తున్నా. మంగళ, గురు, శనివారాలు ఇంట్లో నీసు వండం, మిగతా నాలుగు రోజులూ చికెనే. కూర మాత్రం అయిదుగురికీ ఒకటే గిన్నె. కిలోన్నర స్కిన్‌లెస్‌కి పెద్ద గరిటెతో రెండు గరిటెల నూనె, గుప్పెడు జీడిపప్పు, సగం కుడుక పడతాయి. అందులోంచి నా వంతుకు బ్రెస్ట్ ముక్కలు ఏరుకుంటా. అవేమో పీచులా ఎండిపోయి గొంతు దిగవు. బరువు కిలో కూడా తగ్గలేదు. నాటుకోడి తింటే కొవ్వు పట్టదని మా అత్తమ్మ అంటారు. కార్జం, కందనకాయ అసలే వద్దని మా ఆయన అంటారు. ఇంతకీ ఏ ముక్క తినాలి, ఎంత తినాలి, షాపులో ఏమని అడగాలి?

జవాబు: ముక్కల సంగతి తర్వాత, ముందు మీ గిన్నె లెక్క చూద్దాం.

కిలోన్నర స్కిన్‌లెస్ చికెన్‌లో ఎముక పోతే మిగిలే మాంసం దాదాపు ఒక కిలో. దాంట్లో ఉండేవి 1,250 కేలరీలు, కాస్త అటూ ఇటూగా. ఇప్పుడు మసాలా వైపు రండి. పెద్ద గరిటె 60 మిల్లీలీటర్లనుకుంటే రెండు గరిటెల నూనె 120 మిల్లీలీటర్లు, అంటే 110 గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీల చొప్పున 990. గుప్పెడు జీడిపప్పు 50 గ్రాములైతే ఇంకో 280. సగం కుడుక 50 గ్రాములైతే 330. మొత్తం 1,600. కోడి కంటే కోడి మీద పోసినవే ఎక్కువ! అయిదుగురికి పంచితే తలకు మాంసం నుంచి 250, మసాలా నుంచి 320. మీరు బ్రెస్ట్ ముక్కలే ఏరుకున్నా వాటికి పట్టిన గుజ్జు అందరి గిన్నెలోదే. అన్నంలో కలుపుకునే పులుసు కూడా అదే.

ఇక బ్రెస్ట్‌కూ లెగ్‌కూ నిజంగా ఎంత తేడా ఉందో చూడండి. తోలు, పైకి కనిపించే కొవ్వు తీసేసిన 100 గ్రాముల పచ్చి మాంసం లెక్కలో బ్రెస్ట్‌కు 120 కేలరీలు, 22 గ్రాముల పైన ప్రోటీన్, రెండున్నర గ్రాముల కొవ్వు. తొడకు దాదాపు అవే 120 కేలరీలు, 19-20 గ్రాముల ప్రోటీన్, 4-5 గ్రాముల కొవ్వు. దాని కింది కాలు, మనం తంగ్డి అనేది, ఇంకాస్త నయం. ప్రోటీన్ 19-20 గ్రాములే, కొవ్వు నాలుగు లోపు. పక్షిని బట్టి, కోసిన చెయ్యిని బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి. ఎంత మారినా ఒక పూటకు తినే 150 గ్రాముల్లో బ్రెస్ట్ బదులు తొడ తింటే అదనంగా వచ్చే కొవ్వు మూడు నాలుగు గ్రాములకు మించదు. చిన్న టీ చెంచా నూనె బరువు నాలుగున్నర గ్రాములు. రెండు నెలలు మీరు లెగ్ పీస్ మానుకుని మిగిల్చింది పూటకు ఆ చెంచాలోపు. గరిటెలతో పోసింది అలాగే ఉంది.

అలాగని బ్రెస్ట్‌కు ప్రత్యేకత లేదని కాదు. అవే కేలరీలకు ప్రోటీన్ మూడు గ్రాములు ఎక్కువ ఇస్తుంది, కడుపు నిండినట్టు ఉంటుంది, ఎముక ఉండదు కాబట్టి కొలత తేలిక. వారంలో రెండు రోజులు బ్రెస్ట్, రెండు రోజులు తోలు లేని లెగ్ తినండి. ఏడుస్తూ తినే తిండి నెలల తరబడి సాగదు, బరువు తగ్గడమేమో నెలల పని.

నిజంగా దూరం పెట్టాల్సింది తోలు. వంద గ్రాముల పచ్చి తోలులో 32 గ్రాములు కొవ్వే, 350 కేలరీలు. 120 కేలరీలున్న తొడ తోలుతో ఉంటే 220 అవుతుంది, కొవ్వు 16 గ్రాములకు చేరుతుంది. రెక్కలు కూడా ఈ లెక్కలోవే. మాంసం తక్కువ, తోలు ఎక్కువ, పైగా రెక్క మీది తోలు ఒలవడం కష్టమని స్కిన్‌లెస్ కోడిలో కూడా చాలా షాపుల్లో చివరి కణుపు మీద అలాగే వదిలేస్తారు. లాలీపాప్ అనేది ఆ రెక్కే, దాన్ని మళ్లీ పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. ఇంకో సంగతి. తోలుతో కాల్చి, తినేటప్పుడు ఒలిచేస్తే పరవాలేదు, కొవ్వులో ఎక్కువ భాగం తోలుతోనే పోతుంది. కూరలో ఆ పప్పులుడకవు. తోలులోని కొవ్వు కరిగి పులుసులోకి దిగుతుంది. తర్వాత తోలు పక్కన పెట్టినా పులుసు మీ కంచంలోనే ఉంటుంది.

షాపు దగ్గరకు వద్దాం. బోర్డు మీద మామూలుగా లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు రేట్లు ఉంటాయి. బోన్‌లెస్ రేటు వేరు. విత్ స్కిన్ అంటే వేడినీళ్లలో ముంచి, మెషిన్‌లో తిప్పి ఈకలు మాత్రమే తీసింది. స్కిన్‌లెస్ అంటే ఈకలతో సహా తోలు లాగేసింది. లైవ్ రేటు చూసి చవకనుకోకండి. రెండు కిలోల బతికున్న కోడి స్కిన్‌లెస్ చేస్తే చేతికొచ్చేది 1.3 కిలోల దగ్గర. బాగా బరువెక్కిన కోడి కంటే కిలోన్నర నుంచి 1.8 కిలోల లైవ్ కోడి మేలు. కోడి ముదిరి బరువెక్కే కొద్దీ కడుపులో కొవ్వు గడ్డ పెరుగుతుంది.

స్కిన్‌లెస్ అనగానే పని అయిపోయిందనుకోవద్దు. కొవ్వు మూడు చోట్ల దాక్కుంటుంది. మొదటిది కడుపు లోపల, తోక వైపు ఉండే పసుపుపచ్చ ముద్ద. లోపలి భాగాలు తీసేటప్పుడు చాలామంది దాన్ని వదిలేస్తారు, కర్రీ కట్‌లో అది ముక్కలతో కలిసిపోతుంది. రెండోది మెడ దగ్గర వేలాడే తోలు, దాని కింది కొవ్వు. మూడోది తొడ ముక్క లోపలి వైపు, తొడ వీపుకు అంటుకునే చోట ఉండే తెల్లటి పొర. ఇంటికొచ్చాక కత్తెరతో తీస్తే అయిదు నిమిషాల పని. ఒక్కో కోడికి రెండు మూడు చెంచాల కొవ్వు బయటికొస్తుంది. తోక పూర్తిగా తీసేయండి, అక్కడ నూనె గ్రంథి ఉంటుంది, నీసు వాసన కూడా దాన్నుంచే. వీపు ముక్కల్లో ఎముకా కొవ్వే ఎక్కువ, మాంసం తక్కువ. కూరకు రుచి ఇస్తాయి, మీ కంచంలోకి మాత్రం వద్దు.

కాబట్టి షాపులో చెప్పాల్సిన మాట ఇది: "భాయ్, స్కిన్‌లెస్ కిలోన్నర. బ్రెస్ట్ అలగ్ పెట్టు, ముక్కలు చెయ్యొద్దు. మిగతాది కర్రీ కట్. మెడ తోలు, తోక, లోపలి కొవ్వు తీసెయ్." బ్రెస్ట్ ముక్కలు చెయ్యొద్దని ఎందుకంటే, వాళ్లు కొట్టే కత్తి వేగానికి నారల దిక్కు చూడరు. మీ ముక్క పీచులా ఉండటానికి సగం కారణం అక్కడే మొదలవుతుంది.

బోన్‌లెస్ కొంటే ఇంకొంచెం జాగ్రత్త. ఉత్త బోన్‌లెస్ అంటే కొన్నిచోట్ల బ్రెస్ట్, లెగ్ కలిపి ఇస్తారు. బ్రెస్ట్ లేత గులాబీ రంగులో, నారలు ఒకే దిక్కుకు పొడుగ్గా ఉంటాయి. లెగ్ మాంసం ముదురు ఎరుపు, మధ్యలో తెల్లటి గీతలు, జిగురు పొరలు కనిపిస్తాయి. రెండూ తినొచ్చు కానీ కొలిచేటప్పుడు, వండేటప్పుడు ఏదో తెలియాలి. బ్రెస్ట్ మీద నారల వెంట సన్నటి తెల్ల చారలుంటే అది తొందరగా పెరిగిన పెద్ద బ్రాయిలర్‌లో చేరిన కొవ్వు. హాని లేదు, కానీ చారలు తక్కువున్నది ఏరుకోండి. ఖీమా అడిగితే ముందు ముక్క చూపించమని, మీ ముందే మెషిన్‌లో వేయమని చెప్పండి. ముందే చేసి పెట్టిన ఖీమాలో తోలు, కొవ్వు ఎంత పడిందో కంటితో తేల్చలేం. మసాలా పట్టించి అమ్మే ప్యాకెట్లు, నగ్గెట్లు, సాసేజీలు కొవ్వు తగ్గించుకునే వాళ్లకు పనికొచ్చే సరుకు కాదు.

ఇప్పుడు ఎండిపోయే బ్రెస్ట్ సంగతి. తప్పు ముక్కది కాదు, టైముది. లెగ్, వీపు ముక్కలు మెత్తబడటానికి 25-30 నిమిషాలు కావాలి. వాటిలోని జిగురు పొరలు అప్పుడే కరుగుతాయి. బ్రెస్ట్‌లో ఆ జిగురూ లేదు, కొవ్వూ లేదు. దానికి 10-12 నిమిషాలు చాలు. ఆపైన ఉడికే ప్రతి నిమిషం దానిలోని నీళ్లు పిండి బయటికి పంపుతుంది. మీరేమో అన్నీ ఒకేసారి వేసి, ఒకేసారి దింపుతున్నారు. కుక్కర్ అయితే మరీ అన్యాయం, మొదటి కూత వచ్చేలోపే బ్రెస్ట్ ఉడికిపోయి ఉంటుంది. మిగతా మూడు కూతలూ దాన్ని ఎండబెట్టడానికే.

అందుకే బ్రెస్ట్‌ను వేరుగా పెట్టుకోవాలి. పచ్చి ముక్కను బల్ల మీద పెట్టి వెలుతురులో చూడండి. సన్నటి గీతలు ఒక కొన నుంచి ఇంకో కొనకు పారుతుంటాయి. ఆ గీతలకు అడ్డంగా కోయాలి. నిలువుగా కోస్తే ఎంత బాగా వండినా పంటి కింద తాడులా సాగుతుంది. బ్రెస్ట్ లోపలి వైపు వేలెడంత విడి ముక్క ఒకటి ఉంటుంది, అన్నిటికంటే మెత్తనిది అదే. దాని చివర తెల్లటి నరం పట్టుకుని లాగేయండి.

అర కిలో బ్రెస్ట్‌కు 100 గ్రాముల చిలికిన పెరుగు, సమంగా నింపిన ఒక టీ చెంచా ఉప్పు (5 గ్రాములు), రెండు చెంచాల అల్లంవెల్లుల్లి, పసుపు, కారం పట్టించి ఫ్రిజ్‌లో కనీసం అరగంట, వీలైతే రాత్రంతా ఉంచండి. ఉప్పు లోపలికి దిగితే ముక్క తన నీళ్లను తనే పట్టుకుంటుంది. చివర్లో కూరలో ఉప్పు వేస్తే ఈ లాభం రాదు. నిమ్మరసం మాత్రం వండే ముందు పిండండి. గంటల తరబడి నిమ్మలో నానితే పై పొర పిండిలా అయిపోతుంది. పెనం మీద చేసుకునేట్టయితే మందంగా ఉన్న ముక్కను అడ్డంగా చీల్చి ఒకటిన్నర సెంటీమీటర్ల మందానికి తేవాలి. లేకపోతే అంచులు ఎండిపోతాయి, నడుమ పచ్చిగా ఉంటుంది. బాగా కాగిన పెనం మీద ఒక టీ చెంచా నూనె రాసి, ఒక్కో వైపు నాలుగు నిమిషాలు, తర్వాత మంట ఆపి మూత పెట్టి అయిదు నిమిషాలు. వంటింటి థర్మామీటర్ ఉంటే నడిబొడ్డున 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. లేకపోతే మందంగా ఉన్న చోట కోసి చూడండి. లోపల గులాబీ రంగు పోయి తెల్లబడాలి, కారే నీరు తేటగా ఉండాలి. అంతకు ముందు తీయొద్దు, ఆ తర్వాత ఉంచొద్దు.

అందరికీ ఒకటే గిన్నె అన్నారు కదా, ఆ గిన్నెనే మారుద్దాం. కిలోన్నరలో బ్రెస్ట్ నాలుగు వందల గ్రాముల దాకా వస్తుంది. మిగతా ఎముక ముక్కలకు 150 గ్రాముల పెరుగు, ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించండి. అడుగు మందం గిన్నెలో 45 మిల్లీలీటర్ల నూనె, అంటే కొలత చెంచాతో మూడు పెద్ద చెంచాలు. గరిటెతో కాదు, సీసా వంచి అసలే కాదు. నాలుగు ఉల్లిగడ్డలు చిటికెడు ఉప్పేసి వేయించండి. నూనె చాలక అడుగంటుతుంటే రెండు చెంచాల నీళ్లు చల్లండి, మళ్లీ నూనె పోయకండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నూనె పైకి తేలితేనే మసాలా వేగినట్టు లెక్క అని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. నూనె తక్కువున్న కూరలో అది తేలదు. గుర్తు వేరు, మసాలా గిన్నె అంచు వదిలి ముద్దలా కదలాలి, అల్లంవెల్లుల్లి పచ్చి వాసన పోవాలి. రెండు టమాటాలు మగ్గాక, మంట తగ్గించి, పెరుగు పట్టించిన ఎముక ముక్కలు వేయండి (పెద్ద మంట మీద పెరుగు విరిగిపోతుంది). మూత పెట్టి 20 నిమిషాలు. జీడిపప్పు బదులు రెండు చెంచాల పుట్నాలు, ఒక చెంచా కుడుక తురుము, ధనియాలు, మిరియాలు కలిపి పొడి చేసి వేస్తే చిక్కదనం వస్తుంది. అప్పుడు బ్రెస్ట్ ముక్కలు వేసి సన్న మంట మీద 10-12 నిమిషాలు, చివర కొత్తిమీర, పుదీనా.

ఈ గిన్నెలో నూనె, పెరుగు, పుట్నాలు, కుడుక కలిపి 600 కేలరీల దగ్గర. పాతదానితో పోలిస్తే వెయ్యి తగ్గాయి, మీ వంతుకు 200. ముక్కలు మారకుండానే.

పాత పద్ధతిలో వండిన కూర ఎవరింట్లోనో తినాల్సొస్తే ముక్కలు గిన్నె అంచుకు ఒత్తి నూనె జారాక తీసుకోండి. ఇంట్లో మిగిలిన కూర ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు పైన ఎర్రటి పొర గడ్డకడుతుంది, లేదా నూనెను బట్టి చిక్కగా తేలుతుంది. వేడి చేసే ముందే చెంచాతో తీసేయండి. పెద్ద చెంచాడు తీస్తే 120 కేలరీలు తీసినట్టే. వండిన చికెన్ ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి వద్దు. పచ్చిది రెండు రోజులు, అంతకు మించి ఉంచాలంటే ఫ్రీజర్‌లోనే. నల్లా కింద పెట్టి ఝాడించి కడగడం మానండి. ఆ తుంపరలతో పచ్చి మాంసంలోని క్రిములు పక్కనున్న కీరా ముక్కల దాకా పాకుతాయి. కడగకుండా మనసొప్పకపోతే లోతైన గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా అద్ది, సింకు సబ్బుతో కడగండి.

అత్తమ్మగారి నాటుకోడి మాట సగం నిజం. తిరిగి మేసిన కోడి కండలో కొవ్వు తక్కువ, ముఖ్యంగా పుంజులో. కానీ మన దగ్గర నాటుకోడిని పసుపు రాసి, మంట మీద కాల్చి, తోలుతోనే వండుతారు. ఆ రుచంతా ఆ తోలులోనే ఉంది మరి! గుడ్లు పెట్టే పెట్ట అయితే కడుపులో పసుపు కొవ్వు బ్రాయిలర్ కంటే తక్కువేం ఉండదు. గట్టి మాంసం కాబట్టి ఎక్కువసేపు ఉడుకుతుంది, తోలులో కొవ్వంతా పులుసులోకి దిగుతుంది, పైన నూనె సరేసరి. తినండి, తోలు తీయించి, పుంజునే అడిగి, కుక్కర్‌లో ఉడికించి, ఆ నీళ్ల మీద తేలిన కొవ్వు తీసేసి తాలింపు పెట్టండి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజ లాంటి రకాలకూ ఇదే వర్తిస్తుంది. కడక్‌నాథ్ అనే నల్లకోడికి పెట్టే అదనపు డబ్బుతో బరువు తగ్గడంలో మీకొచ్చే లాభం పెద్దగా ఏమీ లేదు. చవగ్గా దొరికే ముసలి లేయర్ కోడిని (గుడ్ల కోసం ఫారంలో పెంచినది) మాత్రం ఈ పనికి కొనొద్దు, కొవ్వు బాగా పట్టి ఉంటుంది.

మీ ఆయన కందనకాయ మీద వేసిన నింద తప్పు. కోడి మొత్తంలో కొవ్వు అతి తక్కువున్న వాటిలో అదొకటి. వంద గ్రాములకు 95 కేలరీలు, 17-18 గ్రాముల ప్రోటీన్, రెండు గ్రాముల కొవ్వు. బ్రెస్ట్ కంటే చవక కూడా. బయట అంటుకున్న పసుపు కొవ్వు, లోపలి పచ్చటి గట్టి పొర శుభ్రంగా తీసి, కుక్కర్‌లో నాలుగైదు కూతలు రానిచ్చి, ఉల్లిగడ్డ, మిరియాలతో చెంచా నూనెలో వేపుకోండి. కార్జం విషయంలో ఆయన భయానికి కొంత ఆధారం ఉంది. కొవ్వు అయిదు గ్రాములే, ప్రోటీన్ 17, ఇనుము బాగా ఉంటుంది, కానీ కొలెస్ట్రాల్, విటమిన్ ఏ చాలా ఎక్కువ. వారానికి ఒకసారి 50-75 గ్రాములు చాలు. గర్భిణులు మానాలి. యూరిక్ యాసిడ్ ఎక్కువున్న వాళ్లు రెండూ మానాలి.

ఎంత తినాలి? జాతీయ పోషకాహార సంస్థ, మన తార్నాకలో ఉన్నదే, 2020లో చెప్పిన లెక్క కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్. మీ 74 కిలోలకు 61 గ్రాములు. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఇంకొంచెం కావాలి కాబట్టి 65-70 గ్రాములు పెట్టుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి డాక్టర్‌ను అడగాలి. మీ రోజు ఇలా సర్దుకోవచ్చు: పొద్దున రెండు గుడ్లు 12 గ్రాములు, మధ్యాహ్నం ఎముక లేని పచ్చి చికెన్ 150 గ్రాములు బ్రెస్ట్ అయితే 33, లెగ్ అయితే 29, గిన్నెడు పప్పు 7, పావు కిలో లోపు పెరుగు 7, అన్నం లేదా జొన్నరొట్టెల నుంచి పది దాకా.

ఈ 150 గ్రాములు పచ్చిది, ఎముక లేనిది. ఉడికాక అదే 110 గ్రాములు అవుతుంది. ఎముకతో తూచితే 210-220 గ్రాములు కావాలి. జిమ్‌లో చెప్పిన 200 గ్రాములు పచ్చిదా వండిందా అడిగారా? వండిన బ్రెస్ట్‌లో వంద గ్రాములకు 31 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, పచ్చిదాంట్లో 22. నీళ్లు పోయి చిక్కబడటమే తేడా. ఫోన్ యాప్‌లో వండిన అంకె పెట్టి, తూకం పచ్చిది వేసే పొరపాటు చాలామంది చేస్తారు. లెక్కలో మూడో వంతు ప్రోటీన్ లేనిది ఉన్నట్టు కనపడుతుంది. ఒక చిన్న వంటింటి త్రాసు కొనండి, వారం రోజులు తూచాక చెయ్యే అలవాటు పడుతుంది.

నీసు లేని రోజుల్లో చికెన్ లోటు పూడ్చకపోతే ఆకలి పెరిగి సాయంత్రం మిర్చి బజ్జీ దగ్గర తేలుతుంది. 30 గ్రాముల పొడి మీల్‌మేకర్‌లో 15 గ్రాముల ప్రోటీన్, వేడినీళ్లలో నానబెట్టి పిండి, రెండు మూడు సార్లు కడిగి వండండి. లేదా నూనె తక్కువ పెసరట్లు, గిన్నెడు ఉడికిన శనగలు, పెరుగు.

బయట తిండి గురించి కొంచెమే చెబుతాం. తందూరి, తంగ్డి కబాబ్ తోలు లేకుండా ఉంటే ఫరవాలేదు, పైన వెన్న రాయొద్దని చెప్పండి. రేష్మీ, మలై కబాబ్‌లు బ్రెస్ట్‌తోనే చేస్తారు కానీ జీడిపప్పు, క్రీమ్ పట్టించి. చికెన్ 65, మెజెస్టిక్ కూడా బోన్‌లెస్సే, నూనెలో మునిగి లేచినవి. మెనూలో డ్రై అంటే పులుసు లేదని అర్థం, నూనె లేదని కాదు. రోటిసరీ మీద తిరిగే గ్రిల్ చికెన్ తోలు ఒలిచి తినొచ్చు, దాంతో ఇచ్చే మయోనైజ్ మూత తీయకండి. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది క్రిముల భయంతో. మీకైతే ఆ భయం లేకున్నా వద్దు, అది దాదాపు నూనే.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. కూరలో పూటకు 200 కేలరీలు తగ్గితే వారానికి నాలుగు రోజుల్లో 800. కిలో కొవ్వుకు లెక్క 7,700 కేలరీలు కాబట్టి దీనొక్కదానితో వారానికి తగ్గేది వంద గ్రాములే. చికెన్‌కు రెండు గరిటెలు పోసే చెయ్యి వంకాయ కూరకు, పప్పు తాలింపుకు తక్కువ పోయదు కదా. నెలకు మీ ఇంట్లో ఎన్ని లీటర్ల నూనె అయిపోతోందో చూడండి. అయిదుగురికి 5 లీటర్లయితే తలకు రోజుకు 33 మిల్లీలీటర్లు. పెద్దగా శారీరక శ్రమ లేని ఆడవాళ్లకు రోజుకు 20 గ్రాముల నూనె చాలని అదే పోషకాహార సంస్థ 2011 మార్గదర్శకాల్లో ఉంది. ఒకటో తారీఖున మూడు లీటర్లు కొని, నెల తిరిగే దాకా మళ్లీ కొనకండి. అన్నం కొలత కూడా పెట్టుకోండి, వండిన అన్నం 150 గ్రాములకు 200 కేలరీలు. కంచంలో మిగతా జాగా సొరకాయ, తోటకూర, కీరాతో నింపండి. చికెన్‌లో పీచు లేదు, ఆకుకూర లేకుండా అదొక్కటే పెంచితే మలబద్ధకం రావొచ్చు. అన్నీ కలిసొస్తే వారానికి అర కిలో తగ్గడం మంచి వేగం.

తూకం సోమవారం చూడకండి. ఆదివారం కూరలో ఉప్పు, మసాలా ఎక్కువ పడి ఒంట్లో నీళ్లు నిలిచి కిలో దాకా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి మళ్లీ తప్పంతా లెగ్ పీస్ మీదికి నెడతారు. బుధవారం పొద్దున, కాలకృత్యాలు అయ్యాక, చాయ్ తాగక ముందు, అదే త్రాసు, అలాంటి బట్టలతో చూసి క్యాలెండర్ మీద రాసిపెట్టండి. నాలుగు బుధవారాల తర్వాత కూడా అంకె కదలకపోతే ఆ నాలుగు వారాల నూనె లెక్క, అన్నం తూకం రాసి పంపండి.